ఎవర్నైనా ఇద్దాం

3 నవంబర్ 2024, ఆదివారం

సున్నా–సున్నా. మళ్లీ.

అయిజ హాకీ గ్రౌండ్‌లో అరవై నిమిషాలు ఎండలో నిలబడి గొంతు పోగొట్టుకుని వచ్చాను. మన ఫార్వర్డ్‌లు బంతిని సర్కిల్ దాకా బాగానే తీసుకెళ్తారు. అక్కడికి వెళ్లాక పెళ్లింటి ముందు చెప్పులు వెతుక్కునేవాళ్లలా ఆగిపోతారు. గోల్‌పోస్ట్ ఎదురుగానే ఉంది. అది ఎక్కడికీ పోదు. కొట్టడానికి వీళ్లకేం రోగం?

శివ నాలుగు ఆపాడు. శివ అంటే మా ఆయన శివశంకర్. పన్నెండేళ్లుగా గద్వాల గోల్‌కీపర్. ఊళ్లో అందరికీ శంకరన్న. ఈ నోట్‌బుక్‌లో మాత్రం శివ. ఎదురుగా ఉన్నప్పుడు ఇగో అంటాను, సరిపోతుంది.

ఆరు టీంల ఆదివారం లీగ్ మాది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, అయిజ, మానవపాడు. కప్పు మాకు ఒక్కసారీ రాలేదు. పోయిన ఏడాది పది మ్యాచుల్లో ఆరు సున్నా–సున్నా. అచ్చంపేటవాళ్లు మాకు పెట్టిన పేరు గుండుసున్నా గద్వాల. వినీ వినీ నాకే నోటికొచ్చేస్తోంది, ఛీ.

బస్సులో వస్తుంటే శివ, ఇదే నా ఆఖరి సీజన్ అన్నాడు. ముప్పై ఏడేండ్లొచ్చినయ్, మోకాళ్లు మొరాయిస్తున్నయ్, ఒక్కసారి కప్పు ఎత్తి ఆపేస్త అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. ఆయన అట్లా బయటికి చూస్తూ ఏదైనా అడిగాడంటే నిజంగా కావాలని. ఏం చేసైనా సరే, ఈ ఏడాది కప్పు కొట్టాలి.

4 నవంబర్, సోమవారం

ఎడమ భుజం పట్టేసింది. నిన్న జెండా ఊపింది కుడి చెయ్యి గద అని అత్తమ్మ అడిగింది. కుడి చెయ్యి జెండాకు, ఎడమ చెయ్యి మగ్గానికి అత్తమ్మా అన్నాను.

గద్వాల చీర ఒక్కరితో అయ్యే పని కాదు. ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. అంచు దగ్గర పట్టు పోగునూ నూలు పోగునూ ప్రతి వరుసలో మెలివేసి కలపాలి. కుప్పడం అంటాం. అందుకే మగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. కుడి అంచు శివది, ఎడమ అంచు నాది. అంచు పనంతా ఆయనకు కుడి చేత్తో, నాకు ఎడమ చేత్తో. పెళ్లయి తొమ్మిదేళ్లు, సీటు మారింది లేదు.

దీని ఫలితం గ్రౌండ్‌లో నాకొక్కదానికే కనిపిస్తుంది. శివ కుడి చెయ్యి చెప్పకుండానే లేస్తుంది. ఎడమ చెయ్యి అడిగి లేస్తుంది. ఆయనకు పడ్డ గోల్స్‌లో సగానికి పైగా ఎడమ పక్క, భుజం ఎత్తులో. నాలుగేళ్లుగా ఇదే నోట్‌బుక్ వెనక పేజీల్లో గీతలు పెడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా.

6 నవంబర్, బుధవారం

మాసయ్య హోటల్‌కు బొరుగుల ఉగ్గాని పార్సెల్ కోసం వెళ్లి గంటన్నర ఉండిపోయాను. ఉగ్గాని చల్లారింది, ఊరు వేడెక్కింది.

మాసయ్య మా టీం సెక్రటరీ. బజ్జీలు వేస్తూనే బాంబు వేశాడు. వనపర్తి స్టీఫెన్ మనకొచ్చేటట్టున్నడు అన్నాడు.

స్టీఫెన్! నాలుగు మ్యాచుల్లో తొమ్మిది గోల్స్. బైక్ షోరూంలో మెకానిక్. సొంతూరు అచ్చంపేట, ఆడేది వనపర్తికి, ఇప్పుడు గద్వాల షోరూంకి మార్చారట. ఎట్లాగూ ఇక్కడే ఉంటాడు కాబట్టి ఇక్కడే ఆడతానంటున్నాడు. వనపర్తివాళ్లు వదలడానికి సిద్ధమే, కానీ ఊరికే కాదు. మా లీగ్‌లో డబ్బు మాట లేదు, మనిషికి మనిషి. ఇద్దరు ఆటగాళ్లూ సంతకం పెట్టాలి. నవంబర్ 16 గడువు. వాళ్లు ఎవర్ని అడుగుతారో ఇంకా తేల్చలేదు.

ఇక చూడాలి హోటల్. ఒకాయన మన సెంటర్ హాఫ్‌ను ఇద్దాం, వాడు ఎట్లాగూ పరుగెత్తడు అన్నాడు. ఆ సెంటర్ హాఫ్ మామ పక్క టేబుల్ మీదే ఉన్నాడు. చట్నీ గిన్నె ఎగిరింది. జరీ అమ్మడానికి వచ్చిన రాయచూరు వ్యాపారి వద్దు వద్దని కన్నడలో బేడ బేడ అంటూ మధ్యలో నిలబడ్డాడు, ఆయన చొక్కా మీద కూడా చట్నీ పడింది. గోల్ కొట్టేటోడు లేకుంటే మిగిలిన పది మంది ఉండి ఏం చేస్తరు అని నేను అరిచాను. ముందు మూల నుంచి ఒక ఈల. తర్వాత చప్పట్లు.

ఇంత మంచి రోజు ఈ మధ్య లేదు.

8 నవంబర్, శుక్రవారం

పోల్ పెట్టాను.

మా వాట్సాప్ గ్రూప్ పేరు గద్వాల్ హాకీ ఫ్యాన్స్ ఒరిజినల్. ఒరిజినల్ ఎందుకంటే కిందటేడు తొమ్మిది మంది కొట్లాడి వేరే గ్రూప్ పెట్టుకున్నారు. 143 మంది సభ్యులు. నేనే అడ్మిన్.

స్టీఫెన్ కోసం ఎవర్ని ఇద్దాం? ఒకటి, ఎవర్నైనా ఇద్దాం. రెండు, ఒక ఫార్వర్డ్‌ను ఇద్దాం. మూడు, ఎవర్నీ ఇవ్వొద్దు.

మొదటి ఓటు నాదే. ఎవర్నైనా ఇద్దాం. కింద మూడు నిప్పుల బొమ్మలు కూడా పెట్టాను.

సాయంత్రానికి 97 మంది నాతోనే. ఇంత టర్నౌట్ మున్సిపాలిటీ ఎలక్షన్‌లో కూడా చూడలేదు.

10 నవంబర్, ఆదివారం

మానవపాడుతో సున్నా–సున్నా. స్టీఫెన్, తొందరగా రా నాయనా.

11 నవంబర్, సోమవారం, ఉదయం 11

రాయడానికి చెయ్యి రావడం లేదు.

మాసయ్య ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పి, నీళ్లు తాగి, అత్తమ్మ ఆరోగ్యం అడిగి, అప్పుడు చెప్పాడు. వనపర్తి గోల్‌కీపర్ స్కూటర్ మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. స్టీఫెన్ బదులు వాళ్లు అడుగుతున్నది శంకరన్నను.

అది ఎట్లైతది అని లేచాను. మాసయ్య ఫోన్ తీసి నాకే చూపించాడు. ఎవర్నైనా అన్నరు గదమ్మా తొంభై ఏడు మంది, ఎవర్నైనల శంకర్ గూడ ఉంటడు గద అన్నాడు.

శివ కిటికీ దగ్గర కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. ఆయన మా గ్రూప్‌ను ఎప్పుడూ మ్యూట్‌లో పెట్టుకుంటాడు, పోల్ సంగతే తెలియదు. ఫోన్ అడిగి తీసుకున్నాడు. ఓటేసినవాళ్ల పేర్లు నొక్కి చూశాడు. లిస్టులో మొదటి పేరు సుమన, నేనే. మూడు నిప్పుల బొమ్మలు కూడా చూశాడు. ఫోన్ మాసయ్యకు ఇచ్చేసి మళ్లీ కండె చుట్టాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

అదే రోజు, మధ్యాహ్నం 3

పోల్ డిలీట్ చేశాను. అప్పటికే స్క్రీన్‌షాట్ ఆ తొమ్మిది మంది గ్రూప్‌కు చేరింది.

12 నవంబర్, మంగళవారం

శివ సంతకం పెట్టేశాడు.

పొద్దున్నుంచీ బతిమాలాను. నువ్వు గుర్తుకే రాలేదు, నువ్వంటే టీంలో మనిషివని అనిపించదు, నువ్వు గోల్‌పోస్ట్ లెక్క ఎప్పటికీ ఉండేవాడివి అనుకున్నా అన్నాను. అది పొగడ్త అనుకునే అన్నాను. నోట్లోంచి వచ్చాక నాకే వినసొంపుగా లేదు.

ఇంట్ల ఆమెనే ఇచ్చేద్దాం అన్నంక నేనేంది వద్దనేది అన్నాడు. అంతే. గద్వాల జెర్సీ మడతపెట్టి బీరువాలో పైన అరలో పెట్టాడు. పన్నెండేళ్ల జెర్సీ. నంబర్ సగం ఊడిపోయింది. కప్పు ఎత్తేది ఆ జెర్సీలోనే అని బస్సులో చెప్పకపోయినా నాకు తెలుసు.

ఏడ్చాను. రాసి పెట్టుకుంటున్నాను, దాచుకునేదేముంది.

13 నవంబర్, బుధవారం

పొద్దున మగ్గం దగ్గరికి వెళ్తే శివ నా సీట్లో కూర్చుని ఉన్నాడు. ఎడమ పక్క.

అది నాది అన్నాను. నీకు మార్పిడంటే ఇష్టం గద, సీట్లు గూడ మార్చుకుందాం అన్నాడు.

నేనేమన్నా తక్కువదాన్నా? కుడి పక్క కూర్చున్నాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి మగ్గం ఈ వైపు నుంచి చూశాను. గోడ మీద బల్లి కనిపిస్తుంది ఇక్కడి నుంచి. శివకు ఇన్నాళ్లూ కాలక్షేపం ఇదన్నమాట.

పొద్దంతా కలిపి జానెడు నేశాం. అది కూడా వంకర.

15 నవంబర్, శుక్రవారం

ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. మగ్గం మీద మాట్లాడుకోకుండా కూర్చోవడం ఎంత కష్టమో నేసేవాళ్లకే తెలుస్తుంది. పోగు మోసే నాడె ఆయన వదలాలి, నేను అందుకోవాలి. నేను వదలాలి, ఆయన అందుకోవాలి. కోపంగా వదిలితే పోగు తెగుతుంది. ఇవాళ పదకొండుసార్లు తెగింది. ఏడు ఆయనవి, నాలుగు నావి. చెప్పలేదు గానీ మనసులో స్కోర్ పెట్టుకున్నాను.

అత్తమ్మ పేరు బాలమణి. నలభై ఏళ్లు నేసిన మనిషి. గుమ్మంలో నిలబడి చూసి, మాట్లాడకుంటే సావుండ్రి, చీరనేం చేసింది గట్ల పీక్కుతింటున్నరు అని లోపలికి పోయింది.

17 నవంబర్, ఆదివారం

నాలుగు–ఒకటి! నాగర్‌కర్నూల్ మీద నాలుగు–ఒకటి!

స్టీఫెన్ మూడు కొట్టాడు. మూడోది కొట్టినప్పుడు నేను పక్కనున్నావిడ కొంగు పట్టుకుని గిరగిరా తిప్పాను, ఎవరో కూడా తెలియదు. కుర్రాడు సన్నగా, నల్లగా, నవ్వితే ఒక పన్ను విరిగి కనిపిస్తుంది. గోల్ కొట్టగానే స్టిక్‌ను భుజం మీద గడ్డపార లాగా పెట్టుకుని నడుస్తాడు. మన గోల్‌లో సాయినాథ్ నిలబడ్డాడు. మీసేవలో పనిచేసే పిల్లాడు. దండం పెడుతూ నిలబడ్డాడు, ఒక్కటే పడింది.

ఇంటికొచ్చాక ఫోన్ చూశాను. వనపర్తి రెండు–సున్నా. శివ ఒక్కటీ వదల్లేదు.

అందరూ గెలిచారు. మరి నాకెందుకిట్లా ఉంది?

20 నవంబర్, బుధవారం

చీరలు నేయించే గోపాలయ్య వచ్చాడు. ఆవాల రంగు ఒళ్లు, కుంకుమ అంచు, ఆయన ఆర్డరే. గుడ్డ వేలితో తడుముతూ వెళ్లి ఒకచోట ఆగాడు. ఈడ మీరిద్దరు కొట్లాడిన్రా అని అడిగాడు.

నేను కండెలు సర్దడం మొదలుపెట్టాను.

గింత మేర అంచు మొకం తిప్పుకున్నది అని వేలు పెట్టి చూపించాడు. నిజమే. పదమూడో తారీఖు నుంచి పద్దెనిమిది దాకా మా ఇంటి సంగతంతా అక్కడ ఉంది. ఇది నేను ఎవ్వరికి అమ్మ, మా ఇంట్ల పెట్టుకుంట, నా పెండ్లాం నాతోని కొట్లాడినప్పుడు సూపిస్త, గద్వాలల అందరి ఇండ్లు ఇంతే అని అన్నాడు.

శివ నవ్వాడు. నన్ను చూసి కాదు, గోడ వైపు తిరిగి. అయినా నవ్వు నవ్వే.

24 నవంబర్, ఆదివారం

అచ్చంపేట మీద మూడు–రెండు. గుండుసున్నా అన్న నోళ్ల మీద మూడు. స్టీఫెన్ సొంతూరి మీద రెండు కొట్టి, వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లి కాళ్లు మొక్కాడు. ఆమె కర్రతో ఒక్కటిచ్చింది, సొంతూరి మీద కొడతావా అని. ఆ తర్వాత మా అందరికీ గారెలు పంచింది.

అత్తమ్మ ఇవాళ కొత్త విషయం ప్రకటించింది. ఆమె వనపర్తి ఫ్యాన్. నా కొడుకు ఏడుంటే నేనాడ్నే అంది. గేటు మీద నేను కట్టిన గద్వాల జెండా పక్కన ఒక పచ్చ రవిక గుడ్డ కట్టింది. వనపర్తి రంగు పచ్చ.

2 డిసెంబర్, సోమవారం

శివ మంగళ, శుక్రవారాలు వనపర్తి ప్రాక్టీస్‌కు పోతాడు. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి బ్రిడ్జి, పెబ్బేరు. బండి మీద పోయి రావడం. రేపు చలి ఎక్కువంటున్నారు. మఫ్లర్ తీసి బండి హ్యాండిల్‌కు చుట్టాను.

3 డిసెంబర్, మంగళవారం

మఫ్లర్ చుట్టుకుని వెళ్లాడు. వచ్చేటప్పుడు పెబ్బేరు నుంచి జామకాయలు తెచ్చాడు. ఉప్పూకారం పెట్టి మగ్గం దగ్గరే తిన్నాం. అప్పుడు అడిగేశాను. తప్పయింది, ఎప్పటి దాకా ఉంటది ఈ కోపం అన్నాను.

శివ చేతికంటిన కారం తుడుచుకున్నాడు. కోపం కాదు, సిగ్గయింది అన్నాడు. మూడు నిప్పులు పెట్టినవ్, నేను ఊరికి గంత బరువైతినా అనుకున్న అన్నాడు.

నువ్వు బరువైతే తొమ్మిదేళ్లు నీ పక్కన ఎట్లా కూర్చుంటాను అన్నాను. నీ చెయ్యి పడకుంటే నా అంచు నిలవదు, నాకు తెల్వదా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అన్నీ రాయను. రాస్తే సినిమా డైలాగుల్లా ఉంటాయి, అన్నప్పుడు అట్లా లేవు.

ఆ తర్వాత రెండు మూరలు నేశాం. పోగు ఒక్కటీ తెగలేదు.

సీట్లు మాత్రం మారలేదు. ముందు నేను అడగను. ఆయన అడగడు.

8 డిసెంబర్, ఆదివారం

మొదటి రెండు స్థానాల్లో నిలిచి మేం ఫైనల్‌కు వచ్చాం. చరిత్ర!

అవతల టీం ఎవరో రాయాలా? వనపర్తి. డిసెంబర్ 22, నాగర్‌కర్నూల్ గ్రౌండ్.

మాసయ్య ఉగ్గాని ఫ్రీ అన్నాడు. పావుగంటలో అయిపోయింది.

11 డిసెంబర్, బుధవారం

స్టీఫెన్ వచ్చాడు. మా బండి చైన్ సరిచేసే వంకతో. నన్ను అక్కా అంటాడు. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, నెమ్మదిగా అడిగాడు. అక్కా, ఫైనల్ల పెనాల్టీ స్ట్రోక్ వస్తే అన్నకు ఏ పక్క కొట్టాల్నో నీకెరుక ఉంటది గద అన్నాడు.

నేను గద్వాల మనిషిని. అడ్మిన్‌ను. నాలుగేళ్లుగా గీతలు పెడుతున్న మనిషిని. ఊరికి మొదటి కప్పు రెండు వారాల దూరంలో ఉంది.

ఆయన ఎడమ పక్క, భుజం ఎత్తులో అని చెప్పేశాను.

అతను వెళ్లాక లోపలికి వచ్చి శివ మొహం చూడలేక బియ్యం ఏరడానికి కూర్చున్నాను. అవి ముందే ఏరిన బియ్యం.

12 డిసెంబర్, గురువారం

తప్పు చేశానా? ఫ్యాన్‌గా చెయ్యలేదు. పెళ్లాంగా చేశాను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండడమే గొడవ.

16 డిసెంబర్, సోమవారం

గోపాలయ్య మళ్లీ వచ్చాడు. రెండో చీర చూసి అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈ ఎడమంచు ఎవరిది అని అడిగాడు. శివది అన్నాను. గిట్లాంటి అంచు మీ ఇంట్లకెళ్లి నేనెప్పుడు సూడలే, సుమన కంటె శంకర్ చెయ్యి మంచిగున్నది గద అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లు ఆ అంచు వేసింది నేను! ఐదు వారాలు కూర్చుని ఈయన నాకంటే గొప్పోడైపోయాడా?

సాయంత్రం పక్కనుంచి గమనించాను. నాడె వదలడం కనిపిస్తోంది, అందుకోవడం కనిపించడం లేదు. ఎడమ చెయ్యి అంత వేగంగా పోతోంది. పోగు సందులో ఈగ వాలితే చూడకుండానే ఎడమ చేత్తో తట్టేశాడు. అడగకుండా లేచింది ఆ చెయ్యి.

నాడె నా చేతిలోంచి కింద పడింది. ఏమైందన్నాడు. ఏం లేదన్నాను.

స్టీఫెన్‌కు నేను చెప్పింది పాత సంగతి.

17 డిసెంబర్, మంగళవారం

చెప్పాలి. స్టీఫెన్‌కు చెప్పాలి. అడ్మిన్‌కు నీతి ఉండాలి.

19 డిసెంబర్, గురువారం

హోటల్‌లో అందరూ నాకు నమస్కారాలు. నీ పోల్‌తోనే గద సుమనమ్మా ఇదంతా అన్నాడు మాసయ్య. నూటా ఎనభై మందికి రెండు బస్సులు, కొత్త జెండా, డప్పులు. మొదటి బస్సులో ముందు సీటు నాకు.

ఉగ్గాని పార్సెల్ కట్టించుకుని వచ్చేశాను.

21 డిసెంబర్, శనివారం, మధ్యాహ్నం 2

స్టీఫెన్‌కు మెసేజ్ టైప్ చేశాను. తమ్ముడూ, ఎడమ పక్క కొట్టకు. తీసేశాను. తమ్ముడూ, నేను చెప్పింది మర్చిపో. తీసేశాను. తమ్ముడూ. అది కూడా తీసేశాను.

మంగళవారం నుంచి ఇదే పని. నెట్ బాగానే ఉంది. నాకే సిగ్నల్ లేదు.

ఇక్కడ నిజం రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. నాకు గద్వాల గెలవాలి. కానీ ఆ ఎడమ చేతిని ఊరంతా ఒక్కసారి చూడాలి. రెండూ కావాలి. రెండూ కుదరవని తెలుసు. ఫోన్ పప్పు డబ్బాలో పెట్టి మూత పెట్టాను.

22 డిసెంబర్, ఆదివారం, ఉదయం 5:40

శివ పచ్చ జెర్సీలో ముందే వెళ్లిపోయాడు. అత్తమ్మ ఆయన వెంటే. పోతూ పోతూ, ఎవరికి అరుస్తవో సూస్త అంది నాతో. నేను గద్వాల జెండా భుజాన వేసుకున్నాను.

సాయంత్రం 6:15, బస్సులో

అక్షరాలు గెంతుతున్నాయి, రోడ్డు అట్లా ఉంది. నా గుండె కూడా అట్లాగే ఉంది.

మూడో క్వార్టర్‌లో వనపర్తి ఒక గోల్ కొట్టింది. సాయినాథ్ దండం ఆ ఒక్కసారి పనిచెయ్యలేదు. తర్వాత మనవాళ్లు ఎగబడ్డారు. శివ కాళ్లతో ఆపాడు, కర్రతో ఆపాడు, ఒకసారి కింద పడి పొట్టతో ఆపాడు. స్టీఫెన్ కళ్లలో నీళ్లొచ్చేంత కోపం. గంట కొట్టడానికి ఒక నిమిషం ఉందనగా సర్కిల్‌లో వనపర్తివాడు స్టీఫెన్ కాలికి కర్ర అడ్డం పెట్టాడు. విజిల్.

పెనాల్టీ స్ట్రోక్. స్టీఫెన్. ఎదురుగా శివ. ఇంకెవరూ లేరు.

డప్పులు ఆగిపోయాయి. స్టీఫెన్ ఒక్కసారి మా వైపు తిరిగి నన్ను చూశాడు. చిన్నగా తల ఊపాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

కొట్టాడు. ఎడమ పక్క, భుజం ఎత్తులో. నేను చెప్పిన చోటే, అంగుళం తేడా లేకుండా.

శివ చెయ్యి అక్కడ ఉంది. లేవడం ఎవరూ చూడలేదు. ముందే అక్కడ ఉన్నట్టు ఉంది. బంతి గ్లౌజ్‌కు తగిలి బార్ మీద నుంచి బయటికి పోయింది.

గ్రౌండ్‌లో మా వైపు చచ్చిన నిశ్శబ్దం. అందులో ఒక్క కేక. అబ్బ నా అయ్య, ఏం పట్టినవ్! ఎవరబ్బా అని నేనూ చూశాను. నేనే. గద్వాల జెండా పట్టుకుని, గద్వాల ఫ్యాన్స్ నడుమ, బెంచీ ఎక్కి గెంతుతున్నాను. అవతల స్టాండ్‌లో అత్తమ్మ పచ్చ గుడ్డ ఊపుతూ నా వైపు వేలు చూపించి పక్కవాళ్లకు చెప్తోంది, మా కోడలు, మా కోడలు అని.

మాసయ్య నా వైపు తిరిగాడు. అయిపోయింది, అడ్మిన్ పదవి పోయింది అనుకున్నాను. ఆయన ఒక్క క్షణం చూశాడు, తర్వాత నోరు ఇంత తెరిచి నవ్వాడు. పట్టింది ఎవడు, మన శంకర్ కాదా, కొట్టుండ్రి డప్పు అన్నాడు. కొట్టారు! ఓడిపోయి ఇంత గట్టిగా డప్పు కొట్టిన ఊరు ఇంకొకటి ఉండదు. స్టీఫెన్ పరుగెత్తుకెళ్లి శివను ఎత్తుకున్నాడు. లెగ్‌గార్డులతో సహా.

శివ పచ్చ జెర్సీలో కప్పు ఎత్తాడు. ఎత్తి ముందు మా స్టాండ్ వైపు తిప్పాడు. పన్నెండేళ్లు. నేను ఏడుస్తూ నవ్వుతూ ముక్కు జెండాతోనే తుడుచుకున్నాను.

ఇంకో సంగతి. మా లీగ్‌లో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఎవరో వాళ్లింట్లో మొదటి వారం కప్పు ఉండాలి. కాబట్టి వనపర్తి గెలిచిన కప్పు ఇప్పుడు గద్వాల బస్సులో, శివ ఒళ్లో, మాసయ్య తువ్వాలు చుట్టుకుని ఊరికి వస్తోంది. బస్సులో అందరూ ముట్టుకుని చూస్తున్నారు. ఆ తొమ్మిది మంది కూడా.

23 డిసెంబర్, సోమవారం

శివకు అంతా చెప్పేశాను. స్టీఫెన్‌కు చెప్పిన సంగతి, తర్వాత చెప్పకుండా దాచిన సంగతి, నాలుగేళ్ల గీతల సంగతి.

శివ గీతల పేజీలు తిప్పి తిప్పి చూశాడు. ఎడమ పక్క గిన్ని పడ్డయా అని బాధపడ్డాడు. తర్వాత, మరి నాకెందుకు చెప్పలే నాలుగేండ్లు అన్నాడు. చెప్తే నువ్వు ఎడమ చెయ్యి గురించి ఆలోచిస్తావు, ఆలోచిస్తే కుడి కూడా పోతది అని భయపడ్డా అన్నాను. చాలాసేపు నవ్వాడు. నవ్వి నవ్వి మోకాలు పట్టుకున్నాడు. ఇంగ సాలు, ఆట ఆపేస్తున్న, కప్పు ఎత్తిన గద అన్నాడు.

అడ్మిన్‌వి గద, మరి కప్పు పాయె, ఏం రాస్తవ్ గ్రూప్‌ల అని అడిగాడు. ఫొటో పెట్టాను. మా మగ్గం మీద కప్పు. కింద మూడు నిప్పులు.

25 డిసెంబర్, బుధవారం

స్టీఫెన్ కేక్ తెచ్చాడు. నిజం చెప్పేశాను. అక్కా నువ్వు మోసం జేసినవ్ అని, రెండో ముక్క కూడా తిన్నాడు. వచ్చే ఏడాది ఎడమ పక్క కొట్టను అన్నాడు. వచ్చే ఏడాది గోల్‌లో శివ ఉండడు తమ్ముడూ, సాయినాథ్‌కు నేర్పించుకో అన్నాను. అయితే సాయినాథ్‌ను మీ మగ్గం మీద కూసోబెట్టుండ్రి అన్నాడు.

26 డిసెంబర్, గురువారం

శివ తన కుడి సీటు తనకు ఇచ్చెయ్యమన్నాడు. బదులు ఏమిస్తావని అడిగాను.

చర్చలు జరుగుతున్నాయి. ఈసారి పోల్ పెట్టను.